ముద్దల పిన్ని, పిచ్చుక తిండి

ఆ బడి తలుపు తోసుకుని లోపలికి వెళ్తే ముందు వినిపించేది అక్షరాలు కాదు, ముద్దల పిన్ని గొంతు. "ఈ ముద్ద ఎవరిది? నోరు తెరిచినవాళ్ళది. తెరవనివాళ్ళ సంగతి తర్వాత చూస్తాను" అంటూ మధ్యాహ్నం పూట గిన్నె పట్టుకుని కుర్చీ కుర్చీకీ తిరుగుతుంది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ముక్కు మీద కోపం, మూతి మీద నవ్వు. రెండూ ఒకేసారి ఒకే మొహంలో ఇముడుతాయా అంటే, ఆవిణ్ణి చూస్తే గానీ నమ్మకం కుదరదు.

బడి అన్నానని బల్లలూ బెత్తాలూ ఊహించుకోకండి. కాళ్ళూ చేతులూ చెప్పిన మాట వినని పిల్లలు, మెడ నిలవని పిల్లలు, మాట రాని పిల్లలు పగలంతా ఉండే చోటు అది. మూడు గదులు, వెనక వంటగది, ముందు వరండా. వీధికి అవతల టైర్లకు గాలి కొట్టే దుకాణం. అక్కడ మిషన్ బుస్సుమన్నప్పుడల్లా ఇక్కడ సగం మంది పిల్లలు పకపకా నవ్వుతారు. ఎందుకు నవ్వుతారో ఎవరికీ తెలియదు గానీ, దుకాణం వాడు మాత్రం అది తన గొప్పేననుకుంటాడు. పని లేని వేళ కూడా ఒకటి రెండుసార్లు ఊరికే గాలి వదులుతాడు.

పిన్ని ఇక్కడికి వచ్చింది గదులు ఊడ్చే పనికి. వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం, ఏ ఆయా చేతా తినని ఒక మొండిఘటం, చీపురు పట్టుకుని వంగిన ఈవిడ వైపు చూసి నోరు తెరిచాడు. ఆవిడ చీపురు గోడకు ఆనించి, చేతులు కడుక్కుని, గిన్నె అందుకుంది. ఆ చీపురు మళ్ళీ ఆవిడ చేతికి రాలేదు. పిల్లల తల్లులంతా పిన్నీ అన్నారు, వాళ్ళ మొగుళ్ళకు వరసగా అత్తయ్య గారైంది. ఇంతమంది అల్లుళ్ళున్నా అలిగేవాడు ఒక్కడూ లేడని ఆవిడే నవ్వుతూ చెప్పుకునేది.

ఆవిడ మొగుడు దర్జీ. కొలతలు పోగా మిగిలిన గుడ్డలతో పిల్లల మెడకు కట్టే గుడ్డలు కుట్టి పంపేవాడు. అందుకే ఆ బడిలో పిల్లలు కోటు గుడ్డ కట్టుకుని భోంచేస్తారు. పెద్ద పెద్ద ఆఫీసర్లకు కూడా ఆ భోగం లేదు.

పిన్నికి ఉన్న గర్వమల్లా ఒక్కటే. తన చేతికిచ్చిన గిన్నె నిండుగా వంటగదికి తిరిగి రాకూడదు. వంటాయన ఆ గిన్నె అందుకుని, వెలుతురుకు పట్టి చూసి, "అక్కా, దీన్ని కడగమంటావా, ఇలాగే బోర్లించెయ్యమంటావా?" అని అడిగితే చాలు, ఆ పూట తను తినకపోయినా పిన్నికి కడుపు నిండిపోయేది. తినిపించే పద్ధతి పిన్ని తన తల్లి దగ్గర నేర్చుకున్నది. బిడ్డ తలను మోచేతి మడతలో వెనక్కి వాల్చుకోవాలి. ముద్ద జారుడుగా కలుపుకోవాలి. నాలుక వెనక పెట్టి గడ్డం కింద వేలితో ఒక్క రుద్దు రుద్దితే అది దానంతటదే లోపలికి పోతుంది. తన ఇద్దరు కొడుకులనూ అలాగే పెంచింది, ఇద్దరూ దుక్కల్లా తయారయ్యారు. ఇంక పద్ధతి మీద అనుమానం ఎందుకొస్తుంది? పైగా గదినిండా ఆకలితో ఎదురుచూసే నోళ్ళు. "ఆలస్యం అమృతం విషం" అంటూ ఒక పిల్ల మూతి తుడుస్తూనే ఇంకో పిల్ల తల వాల్చేది.

ఇక పిచ్చుక సంగతి. ఏడేళ్ళ పిల్ల, చూస్తే నాలుగేళ్ళదనిపిస్తుంది. పుట్టినప్పుడు ఊపిరి అందడం ఆలస్యమై ఒళ్ళంతా బిగుసుకుపోయింది. మాట రాదు. మెడ ఒక్కోసారి నిలుస్తుంది, ఒక్కోసారి వాలిపోతుంది. కళ్ళు మాత్రం ఖాళీగా ఉండవు. వాటితోనే నవ్వుతుంది, వాటితోనే తిడుతుంది. తినేది పిచ్చుక తిండి కాబట్టి ఆ పేరు వంటాయన పెట్టాడు. పిన్నికి పౌరుషం వచ్చింది. "నా చేతిలో పడితే పిచ్చుక కూడా బాతవుతుంది, చూస్తూ ఉండు" అంది. చూస్తూనే ఉన్నారు. గిన్నె రోజూ ఖాళీ అవుతోంది, పిచ్చుక మాత్రం పిచ్చుకలాగే ఉంది. గిన్నెలోది సగం మెడగుడ్డ మీదికీ, కొంత పిన్ని కొంగు మీదికీ పోతోందన్న సంగతి గిన్నె చెప్పదు కదా.

తింటున్నప్పుడు పిల్లకు పొలమారేది. కళ్ళలో నీళ్ళు తిరిగేవి, మొహం కందిపోయేది. పిన్ని వెంటనే నడినెత్తిన మెల్లగా తట్టి, "మీ నాన్న తలుచుకుంటున్నాడే" అనేది. తండ్రి లారీ డ్రైవరు. ఇంట్లో ఉన్న రోజులకంటే రోడ్డు మీద ఉన్న రోజులే ఎక్కువ. ఆ మాట చెవిన పడగానే, దగ్గు ఇంకా ఆగకుండానే పిల్ల నవ్వేది. సాయంత్రం తల్లి వస్తే పిన్ని ఆ ముచ్చట చెప్పేది. తల్లి ఫోనులో మొగుడికి చెప్పేది.

"ఇవాళ కూడా పొలమారిందట. ఎన్నిసార్లు తలుచుకున్నావేంటి?"

"ఎన్నిసార్లని చెప్పను? స్టీరింగ్ పట్టుకుంటే దాని ధ్యాసే కదా" అనేవాడు అతను.

అందులో అబద్ధమేమీ లేదు. ఆ దగ్గు ఆ ముగ్గురికీ రోజూ ఒక కబురు మోసుకొచ్చేది. అది రాని రోజున పిన్నికి కూడా ఏదో వెలితిగా ఉండేది.

మధ్యమధ్యలో పిచ్చుకకు జ్వరం వచ్చేది. ఛాతీలో గురగుర, డొక్కలెగరేయడం, మందులు, బడికి రాకపోవడం. దుమ్మని తల్లి అంది. చలిగాలి అని పిన్ని అంది. టైర్ల వాసన అని వంటాయన అన్నాడు. ఎవరి కారణం వారికి సరిగ్గానే తోచింది.

అలాంటి రోజుల్లో బడికి ఒక స్పీచ్ థెరపిస్టు వచ్చి చేరింది. కొత్తగా చదువు ముగించిన పిల్ల, సన్నటి గొంతు, చేతిలో ఎప్పుడూ ఒక టార్చి లైటు. పాఠాల గదిలో కాకుండా భోజనాల వేళ వచ్చి ఒక ముక్కాలి పీట మీద కూర్చుని పిల్లల నోళ్ళకేసి, గొంతులకేసి చూసేది. "మాటలు నేర్పే డాక్టరమ్మట. మాటలు మానేసి మన అన్నం కేసి చూస్తుందేం?" అని వంటాయన అనుమానపడ్డాడు. "కొత్తొక వింత. నాలుగు రోజులు పోతే ఆవిడే విసిగి వెళ్తుంది" అంది పిన్ని.

ఆ అమ్మాయి విసగలేదు. ఒకరోజు పిచ్చుకకు పొలమారి, పిన్ని నెత్తిన తట్టి, అంతా సర్దుకున్నాక మెల్లగా అడిగింది.

"పిన్ని గారూ, పాపకి రోజూ ఇలాగే పొలమారుతుందా?"

"రోజూనమ్మా. వాళ్ళ నాన్నకి కూతురంటే పంచప్రాణాలు."

ఆ అమ్మాయి నవ్వలేదు. "మీరొకసారి ఈ కుర్చీలో కూర్చుంటారా? తల వెనక్కి వాల్చండి. ఇంకొంచెం. పాపకి వాలుస్తారు చూడండి, అంత." గ్లాసుతో ఒక గుక్కెడు నీళ్ళు ఆవిడ నోట్లో పోసింది. "తల ఎత్తకుండా మింగండి."

ఇదేం చోద్యం అనుకుంటూనే పిన్ని మింగింది. మింగబోయింది అనాలి. సగం గుక్క ఎక్కడికో పోయింది. ఆవిడ లేచి కూర్చుని, గుండె పట్టుకుని, కళ్ళ వెంట ముక్కు వెంట నీళ్ళు కారుస్తూ ఉక్కిరిబిక్కిరయింది. వంటగది గుమ్మంలో నిలబడ్డ వంటాయనకు అంతకంటే మంచి సమయం దొరకదు. "అక్కా, ఎవరో తలుచుకుంటున్నారు. బావ గారేమో" అన్నాడు. పిల్లలంతా గొల్లుమన్నారు. పిచ్చుక కళ్ళు కూడా నవ్వాయి.

పిన్ని నవ్వలేకపోయింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ పిచ్చుక వైపు చూసింది. ఇప్పుడు తన గొంతులో మండుతున్నది, ఈ పిల్ల గొంతులో రోజూ, ప్రతి పూటా మండుతూ వచ్చిందన్నమాట.

థెరపిస్టు పీట దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించి చెప్పింది. "గొంతులో రెండు దారులుంటాయి పిన్ని గారూ. ఒకటి తిండిది, ఒకటి ఊపిరిది. మనం మింగేటప్పుడు ఊపిరి దారి మూసుకోవాలి. తల వెనక్కి వాలితే అది సరిగ్గా మూసుకోదు. పాపకి అసలే ఆ కండరాలు మాట వినవు. తినేది కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో. ఆ జ్వరాలు దుమ్ము వల్ల వచ్చినవి కాకపోవచ్చు."

పిన్నికి ముందు వచ్చింది కోపం. ఇంటికి వెళ్ళి చెప్పులు విసురుగా విడిచి, మిషన్ తొక్కుతున్న మొగుడి ముందు నిలబడింది. "నిన్నగాక మొన్నొచ్చింది. ఇన్నేళ్ళ నా చేతికి వంకలు పెడుతుందా?"

దర్జీ దారం తెంపి, సూదిలోకి మళ్ళీ ఎక్కిస్తూ అడిగాడు. "నువ్వు ఆ నీళ్ళు మింగగలిగావా?"

"లేదు."

"మరి ఆ అమ్మాయి మీద కోపమెందుకు?"

పిన్ని గోడకు చేరగిలబడి కూర్చుంది. కోపం పోయాక దాని కింద ఉన్నది బయటపడింది. అన్నం పెట్టిన చేత్తోనే ఆ పిల్లకు జ్వరం కూడా పెట్టానా అని ఆవిడకు ఏడుపొచ్చింది. ముచ్చటపడి నెత్తిన తట్టిన ఒక్కో తట్టూ గుర్తొచ్చింది. మొగుడు మిషన్ ఆపేసి పక్కన వచ్చి కూర్చున్నాడు.

మర్నాడు పిన్ని థెరపిస్టు ముందుకు వెళ్ళి, "అమ్మాయ్, నేర్పు" అంది. గారూ గీరూ లేదు. ఆ పిలుపుతోనే ఆ అమ్మాయి కూడా ఇంటి మనిషైపోయింది.

నేర్చుకోవడం కంటే మర్చిపోవడం కష్టమని పిన్నికి అప్పుడు తెలిసింది. పిచ్చుకను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి నడుముకు దిండు, పాదాల కింద పెట్టె. గడ్డం కొంచెం కిందికి. పెట్టే మనిషి పిల్లకంటే ఎత్తులో ఉండకూడదు, ఉంటే పిల్ల తల పైకెత్తి చూస్తుంది. కాబట్టి పిన్ని చిన్న పీట మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. ముద్ద జారకూడదు, చెంచా బోర్లిస్తే అంటుకుని ఉండాలి. చెంచా లోతు లేనిది, చిన్నది. పెట్టాక పిల్ల గొంతు మీద ఆ చిన్న ఎముక లేచి దిగేదాకా ఆగాలి. దిగాక ఇంకోసారి మింగేదాకా ఆగాలి. పిన్ని చెయ్యి ఆగేది కాదు. తెలియకుండానే చెంచా లేచేది, థెరపిస్టు ఆ చేతి మీద మెల్లగా చెయ్యి వేసేది.

"ఆలస్యం అమృతం విషం అన్నారే పెద్దలు" అని పిన్ని గొణిగేది.

"నిదానమే ప్రధానం అన్నది కూడా పెద్దలే పిన్నీ."

"పెద్దలకి ఒక మాట మీద నిలబడటం తెలీదు" అని తేల్చింది పిన్ని.

పొలమారడం తగ్గింది. కానీ గిన్నె ఖాళీ అవడం కూడా ఆగిపోయింది. పిచ్చుక నాలుగు ముద్దలకే అలసిపోయేది. ఒక్కోసారి నోట్లో ముద్ద ఉండగానే నిద్రపోయేది. మిగిలిన పిల్లలు ఆకలని గోల. పోషకాహారం చూసే మాస్టారు తూకం మిషన్‌తో వచ్చి పిల్లను తూచి, పెదవి విరిచి, ముద్దలో నెయ్యి, పాలపొడి కలపమన్నాడు. కలిపారు. మళ్ళీ వచ్చినప్పుడు ముల్లు ఉన్నచోటే ఉంది. ఆయన ఎండుపుల్లలా ఉంటాడు. "ముందు ఆయన్ని తూచాలి" అని వంటాయన గొణిగాడు గానీ, ఈసారి పిన్ని కూడా నవ్వలేదు.

ఆస్పత్రిలో మింగుడు పరీక్ష చేయించాలన్నారు. ముద్దలో తెల్లటి మందు కలిపి పెడుతూ, అది గొంతులో ఏ దారిన పోతుందో ఎక్స్‌రే తెర మీద చూస్తారట. పిచ్చుక కొత్త చేత్తో తినదు కాబట్టి తల్లి, థెరపిస్టులతో పాటు పిన్ని కూడా వెళ్ళింది. ఎక్స్‌రే తగలకుండా బండరాయంత బరువున్న ఏప్రన్ కట్టుకుని, చీకటిగా ఉన్న గదిలో పిల్ల ఎదురుగా కూర్చుని చెంచా అందించింది. పక్కన తెర మీద పిల్ల పళ్ళు, దవడ, మెడ ఎముకలు. తెల్లటి మందు కలిపిన చిక్కటి ముద్ద తెర మీద నల్లటి గీతలా వెళ్ళి సరైన దారిన దిగింది. తర్వాత పల్చటి పాలు పట్టారు. గీత రెండుగా చీలింది. ఒకటి వెనక్కి పోయింది, ఒకటి ముందుకి. ముందుది ఊపిరి దారి.

"దగ్గలేదే?" అంది పిన్ని.

"ఒక్కోసారి దగ్గు కూడా రాదు పిన్నీ" అంది థెరపిస్టు. "పొలమారిన రోజులే నయం. మనకు తెలుస్తుంది."

డాక్టరు నెమ్మది మనిషి. తల్లికి అర్థమయ్యేలా చెప్పాడు. చిక్కగా, కొద్దిగా, కూర్చోబెట్టి పెడితే నోటితో తినొచ్చు. కానీ ఆ కొద్ది తిండి పిల్ల పెరగడానికి చాలదు, ఒంటికి కావాల్సిన నీళ్ళూ అందవు. పొట్ట మీద చిన్న దారి చేసి గొట్టం పెడదాం. ఇలాగే వదిలేస్తే ఇంకో రెండు జ్వరాలను ఈ ఒళ్ళు తట్టుకుంటుందన్న నమ్మకం నాకు లేదు. ఆలోచించుకుని చెప్పండి.

తల్లి బయట బెంచీ మీద పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, పిన్ని చెయ్యి పట్టుకుంది. "గొట్టంలో పోస్తే అదేం తిండి పిన్నీ? నోటికి రుచి లేకుండా అదేం బతుకు? నువ్వు చెప్పు. నీ చేత్తో ఎలాగోలా పెడతానంటే ఇప్పుడే వెళ్ళి వద్దని చెప్పేస్తాను." ఫోనులో మొగుణ్ణి అడిగింది. దారిలో ఎక్కడో బండి పక్కకు ఆపి, అతను కూడా అదే మాట అన్నాడు. "అత్తయ్య గారు ఏమంటే అదే."

ఇంత బరువు పిన్ని మీద ఇంతకుముందు ఎవరూ పెట్టలేదు. ఒక్క మాట చాలు. నేను పెడతానులే, నువ్వు బెంగపడకు అంటే తల్లి మొహం విప్పారుతుంది, పిల్ల తన చేతిలోనే ఉంటుంది, తన పేరు తనకి ఉంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. గొట్టమంటే ఆవిడకూ భయమే. అసలు భయం ఇంకోటుంది. గొట్టం వచ్చాక ఇక ఈ నోటికి తన చేతితో పనేముంటుంది?

లేచి వెళ్ళి, మందుల కిటికీ దగ్గర నిలబడ్డ థెరపిస్టును అడిగింది. "అమ్మాయ్, నిజం చెప్పు. గొట్టం పెడితే దాని నోటికి రుచి పోతుందా?"

"రుచి నాలుకకి కదా పిన్నీ. నాలుక ఎక్కడికీ పోదు. ఆకలి సంగతి గొట్టం చూసుకుంటుంది. నోటికి పెట్టేది రుచి కోసమే పెట్టొచ్చు."

పిన్ని తిరిగి వచ్చి బెంచీ మీద కూర్చుంది. పిచ్చుక మణికట్టు తన రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. వేళ్ళు కలిసి ఇంకా చోటు మిగిలింది.

"నా చెయ్యి చాలదే అమ్మా" అంది. "ఆశ ఉంది గానీ చెయ్యి చాలదు. పెట్టించు."

ఆ మాట అనడానికి ఆవిడకు ఎంత కష్టమైందో చూసినవాళ్ళకే తెలుసు. అన్నాక మాత్రం ఒళ్ళు తేలికైంది. తల్లి చాలాసేపు ఏడ్చింది, తర్వాత లేచి డాక్టరు గది వైపు నడిచింది.

గొట్టం అంటే ఏదో పాములాంటిది వేలాడుతుందనుకున్నారు గానీ, గాటు మానాక చూస్తే పొట్ట మీద చొక్కా బొత్తామంత బిళ్ళ. తిండి వేళకు దానికి గొట్టం తగిలించడం, అయ్యాక తీసేసి మూత పెట్టడం. బొత్తామంటే దర్జీకి మించినవాడెవరు? మెత్తటి గుడ్డతో నడుం పట్టీ ఒకటి కుట్టి, దానికి చిన్న మూత పెట్టి, మూత మీద దారంతో పిచ్చుక బొమ్మ కుట్టాడు. అది చూసి మిగిలిన పిల్లలు తమకూ పట్టీ కావాలని పేచీ పెట్టారు. వద్దురా అంటే వినలేదు, చివరికి అందరికీ కుట్టాడు.

ఏం పొయ్యాలో, ఎంత పొయ్యాలో మాస్టారు రాసిచ్చాడు. ఎలా పొయ్యాలో ఆస్పత్రి నర్సు దగ్గర పిన్ని నేర్చుకుంది. మొదటిరోజు గొట్టానికి తగిలించిన సిరంజిని ఎత్తి పట్టుకుని, పాలలాంటి ఆ తిండి దానంతటదే దిగుతుంటే ఊపిరి బిగబట్టి చూసింది. చివర నీళ్ళు పోసి గొట్టం కడిగింది. తర్వాత పిల్లను అరగంట నిటారుగానే కూర్చోబెట్టాలి, అటూ ఇటూ ఎత్తకూడదు. కడుపులో చల్ల కదలకుండా కూర్చోవడమంటే ఇదేనని వంటాయన అన్నాడు. పిచ్చుకకు ఆ మాట భలే నచ్చింది, రోజూ అది విని నవ్వేది.

నెలలు గడిచాయి. జ్వరం రాలేదు. బుగ్గలొచ్చాయి. గౌన్లు బిగుతైపోయి దర్జీకి పని పెరిగింది. మెడ ఇదివరకటికంటే ఎక్కువసేపు నిలుస్తోంది. మాస్టారు తూకం చూసి ఎంత సంతోషపడ్డాడంటే, వంటాయన ఇచ్చిన అరటిపండును కాదనకుండా తిన్నాడు. ఆయన తినడం చూసింది ఆ బడిలో అదే మొదలు.

కానీ నోటి దగ్గర మాత్రం కథ అడ్డం తిరిగింది. చెంచా కనిపిస్తే చాలు, పిచ్చుక పెదవులు బిగించేసేది. ఇన్నేళ్ళు తన చేతిలో నోరు తెరిచిన పిల్ల ఇప్పుడు తన మొహం చూసి నోరు మూస్తుంటే పిన్ని మనసు కలుక్కుమంది. "నేనంటే కోపమొచ్చిందేమో దీనికి" అంది దిగులుగా.

"మీ మీద కాదు పిన్నీ" అంది థెరపిస్టు. "ఇన్నాళ్ళూ తినడమంటే దానికి దగ్గు, మంట, అలసట. అయినా ఆకలికి తెరవాల్సి వచ్చేది. కావాలా అని ఎవరూ అడగలేదు, వద్దనే వీలూ లేదు. ఇప్పుడు వద్దంటోంది. కొన్నాళ్ళు అననివ్వండి."

"మరి నేనేం చెయ్యాలి?"

"ఊరికే పక్కన కూర్చోండి."

పిన్నికి ఊరికే కూర్చోవడమంత కష్టమైన పని ఇంకోటి లేదు. అయినా కూర్చుంది. మెదిపిన అరటిపండు గిన్నెలో పెట్టుకుని, చెంచా బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్ళో ముడుచుకుని, వీధి వైపు చూస్తూ కబుర్లు చెప్పేది. మొగుడి మీద చాడీలు, వంటాయన మీద ఫిర్యాదులు. పిచ్చుక చెయ్యి గిన్నెలో పడితే పడనిచ్చేది. ఆ వేళ్ళు మొహానికి రుద్దుకుంటే రుద్దుకోనిచ్చేది. అడక్కుండా తుడిచేది కాదు. గిన్నె అలాగే వంటగదికి వెళ్ళేది, వంటాయన మర్యాదస్థుడు కాబట్టి చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఒక రోజు తండ్రి వచ్చాడు. బండికి సరుకు దొరకడం ఆలస్యమైందట, కూతుర్ని చూసి వెళ్దామని నేరుగా బడికి వచ్చాడు. ఆరడుగుల మనిషి పిల్లల పీట మీద మోకాళ్ళు చెవులదాకా వచ్చేలా కూర్చున్నాడు. పిచ్చుక కళ్ళు అతన్నుంచి కదల్లేదు. అంతలో ఎదురుగా గాలి మిషన్ బుస్సుమంది. పిల్లలు నవ్వారు, పిచ్చుక నోరంతా తెరిచి నవ్వింది. నవ్వు అయిపోయింది. నోరు మూసుకోలేదు. కళ్ళు తండ్రిని వదిలి గిన్నె మీదికి వచ్చాయి, గిన్నె మీంచి పిన్ని మీదికి వచ్చాయి.

పిన్ని మెల్లగా చెంచా అంచున కొంచెం తీసుకుని పెట్టింది. పెదవులు మూసుకున్నాయి. నాలుక కదిలింది. గొంతు మీద చిన్న ఎముక లేచింది, దిగింది. మళ్ళీ లేచింది, దిగింది. పిన్ని ఆగింది. నోరు మళ్ళీ తెరుచుకుంది.

తండ్రి చెయ్యి పిల్ల నెత్తి మీదికి రాబోయి, తట్టడానికి సిద్ధంగా గాల్లోనే నిలిచిపోయింది. ఎంతసేపు చూసినా తట్టాల్సిన పని రాలేదు.

"పొలమారలేదు అత్తయ్య గారూ" అన్నాడు. చెయ్యి దించుకుని, "నేనిక్కడే ఉంటే ఇంక తలుచుకునేదెవరులే" అని తనే నవ్వాడు. పిన్ని కూడా నవ్వింది. ఆ పాత మాట మీద తనకు ఇంకా ఎంత ప్రేమ ఉందో అప్పుడే తెలిసింది ఆవిడకు.

ఇంకొన్ని చెంచాలు వెళ్ళాయి. తర్వాత పిచ్చుక పెదవులు దగ్గరికి చేర్చి, మొహం పక్కకు తిప్పుకుని టైర్ల దుకాణం వైపు చూసింది. పిన్ని చెయ్యి పాత అలవాటు కొద్దీ అప్పటికే ఇంకో చెంచా నింపేసింది. ఇదొక్కటీ నాన్న కోసం అన్న మాట కూడా నోటి దాకా వచ్చింది. ఆవిడ ఆ మాట మింగేసి, చెంచా గిన్నెలో పెట్టేసింది. "చాలా? సరే అయితే" అంది. పిచ్చుక కళ్ళు ఒక్కసారి తిరిగి ఆవిణ్ణి చూశాయి, మళ్ళీ దుకాణం వైపు వెళ్ళిపోయాయి.

పిన్ని గిన్నె పట్టుకుని వంటగదికి వెళ్ళింది. మిగిలిన రోజుల్లోలా కొంగు చాటున కాదు, రెండు చేతులతో ముందుకు పట్టుకుని వెళ్ళింది. వంటాయన చూశాడు. ఈసారి ఉండబట్టలేకపోయాడు.

"ఏంటక్కా, దాదాపు నిండుగానే తెచ్చావు?"

"చాలంది."

"ఎవరు?"

"ఎవరేంటి, పిచ్చుక. కావాలంది, తింది. చాలంది, మానేసింది."

వంటాయన గిన్నె అందుకుని, అలవాటుగా వెలుతురుకు పట్టి చూసి, కుళాయి తిప్పబోయాడు. పిన్ని అతని చేతిలోంచి గిన్నె లాక్కుని, కిటికీ గట్టు మీద పెట్టి, పైన పళ్ళెం బోర్లించింది. సాయంత్రం పిల్ల తల్లి వచ్చి చూసేదాకా దాన్ని ఎవరినీ కడగనివ్వలేదు.